పళ్లు ఏదీ దాచవు

శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలో దంతవక్త్రుని కోట ఉంది. బౌద్ధ గ్రంథాలు చెప్పే కళింగ రాజధాని దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. బుద్ధుడి దంతం ఒకటి ఆ నగరంలో పూజలందుకుందనీ, క్రీ.శ. 4వ శతాబ్దంలో హేమమాల అనే రాకుమార్తె దాన్ని కొప్పులో దాచి సింహళానికి చేర్చిందనీ పాలీ గ్రంథం ‘దాఠావంశం’ చెబుతుంది. శ్రీలంకలోని క్యాండీ ఆలయంలో నేటికీ పూజలందుకుంటున్నది ఆ దంతమేనని భక్తుల నమ్మకం. కళింగపట్నం తీరానికి వెళ్లి, దగ్గర్లోని శాలిహుండం స్తూపాలు చూసి వచ్చినవారిలో చాలామంది ఈ కథ వినే ఉంటారు.

భక్తుల సంగతి అలా ఉంచితే, శాస్త్రవేత్తలకూ పాత పన్ను అపురూపమే. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి పైపొర, ఎనామిల్. అందులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందుకే మట్టిలో వేల ఏళ్లున్నా చెక్కుచెదరదు. ఇంకో విశేషం ఉంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్ మాత్రం ఒకసారి తయారైతే అంతే, మళ్లీ పెరగదు. పన్ను తయారవుతున్న రోజుల్లో బిడ్డకు తీవ్రమైన జబ్బు చేసినా, తిండి కరవైనా ఆ పొర మీద సన్నని గాడిలా ఆ గుర్తు ఉండిపోతుంది. ఆ గాడి ఎక్కడ పడిందో చూసి, బిడ్డకు సుమారుగా ఏ వయసులో కష్టం వచ్చిందో చెప్పగలరు.

బలూచిస్థాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ల నాటి సమాధుల్లో తొమ్మిది మందికి చెందిన 11 దవడ పళ్లకు రంధ్రాలు కనిపించాయి. చెకుముకి రాతి మొనతో, బతికుండగానే తొలిచినవి అవి. 2006లో ఈ సంగతి బయటపడ్డాక పంటి వైద్యం ఎంత పాతదో ప్రపంచానికి తెలిసింది. జర్మనీలోని డాల్‌హైమ్‌లో సుమారు వెయ్యేళ్ల కిందటి ఓ సన్యాసిని పంటి గారలో నీలి రేణువులు దొరికాయి. అది అప్పట్లో బంగారంతో పోటీపడే ఖరీదైన రంగు. కుంచె మొనను నాలుకతో తడుపుతూ ఆమె గ్రంథాలకు రంగులు వేసి ఉంటుందని 2019లో పరిశోధకులు తేల్చారు. పేరు కూడా మిగలని ఆమె చేసిన పని పంటి గారలో మిగిలింది.

అంత దూరం వెళ్లక్కర్లేదు. నల్లగొండ జిల్లాలో గోధుమరంగు మచ్చల పళ్లను చూడగానే ఫ్లోరైడ్ నీళ్లు గుర్తొస్తాయి. ఆ మచ్చ పడేది చిన్నప్పుడు, పళ్లు తయారయ్యే వయసులోనే. పెద్దయ్యాక ఎంత మంచి నీళ్లు తాగినా అది పోదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మీ ఇంట్లో బిడ్డ పళ్లు కూడా ఇప్పుడే తయారవుతుంటాయి. ముందు వరుస శాశ్వత దంతాల ఎనామిల్ చిగురు లోపలే, నాలుగైదేళ్ల వయసుకల్లా దాదాపు పూర్తవుతుంది. పాలపళ్లే కదా, ఊడిపోయేవే కదా అని ఊరుకోకండి. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం, గంటగంటకూ బిస్కెట్టో చాక్లెట్టో చేతికివ్వడం పిప్పిపళ్లకు దారి. ఎంత తీపి తిన్నారన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యమే. ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వాళ్లకు బఠాణీ గింజంత చాలు.

పిల్లల నోరు చూశాక పెద్దల నోరూ చూడండి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. ఇది మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. గాలికి ఆరదనీ, చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ, అమ్మను చూసి నేర్చుకున్నామనీ చెబుతారు. డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మనదేశానికి చెందిన మెహతా తదితరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, ఈ అలవాటు అంగిలికి చేసే హానిని 1971లోనే ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్’లో ప్రచురించారు. నిప్పు సెగ, పొగ నేరుగా తగిలే అంగిలి మీద తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుళ్లు వస్తాయి. కొందరిలో అవి క్యాన్సర్‌గా మారతాయి.

పళ్లు నల్లబడటం అందరికీ కనిపిస్తుంది. అంగిలి మీది మచ్చ ఎవరికీ కనిపించదు. తవ్వకాల్లో పళ్లు దొరుకుతాయి గానీ, అంగిలి మీది మెత్తని పొర మట్టిలో కలిసిపోతుంది. ఆ మచ్చను చూడాలంటే మనిషి ఉండగానే చూడాలి.

పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మనో నాయనమ్మనో వెలుతురులో కూర్చోబెట్టి, ఒకసారి నోరు తెరవమనండి. కట్టుడు పళ్లుంటే తీయించి, ఫోన్ టార్చి వేసి అంగిలి చూడండి. రెండు వారాలు దాటినా మానని పుండు గానీ, తెల్లటి, ఎర్రటి మచ్చ గానీ కనిపిస్తే దంతవైద్యుడికి చూపించండి. నొప్పి లేదు కదా అని వాయిదా వేయొద్దు, మొదట్లో నొప్పి ఉండదు. ‘ఇన్నేళ్లు కాల్చాను, ఇప్పుడు మానితే ఏం ఒరుగుతుంది’ అని ఆమె అంటుంది. ఒరుగుతుంది. చుట్ట మానేసినవారిలో చాలామందికి అంగిలి మీది మార్పులు తగ్గుముఖం పడతాయి. కోప్పడకుండా, నలుగురిలో చిన్నబుచ్చకుండా ఆ మాట చెప్పండి. పన్ను మీద పడిన గీత చెరగదు గానీ, అంగిలి మీది మచ్చకు ఇంకా అవకాశం ఉంది.