ఎవరి నుండి విన్నావు?

పాఠశాలల్లో ఫార్మేటివ్ మూల్యాంకనం దగ్గర పడిందంటే మన ముస్తాబాద్ జెరాక్స్ దుకాణాల ముందు పిల్లల కంటే తల్లిదండ్రులే ఎక్కువగా కనిపిస్తారు. ప్రాజెక్టు పనికి ఐదు మార్కులు. నీటి కాలుష్యం గురించో, చారిత్రక కట్టడాల గురించో నాలుగు పుటలు అంతర్జాలం నుండి తీయించి, రంగు బొమ్మలు అతికించి, పైన బిడ్డ పేరు రాయించి ఇంటికి తీసుకువెళ్తారు. ఈ విషయమై ఒక సోదరి అడిగిన ప్రశ్న సమాధానం చెప్పదగినదే. "మౌల్వీ సాబ్, పైసలు దొంగిలిస్తే అవతలివాడి జేబు ఖాళీ అవుతుంది. పుస్తకంలోని మాట రాసుకుంటే పుస్తకంలోనిది తగ్గదు కదా! ఇది దొంగతనం ఎలా అవుతుంది?"

నిజమే, పుస్తకంలోనిది తగ్గదు. తగ్గేది వేరొకటి. ఈ మాట ఎక్కడి నుండి వచ్చింది, దీనికి బాధ్యులెవరు, దీన్ని ఎక్కడ సరిచూసుకోవాలి అన్న సమాచారం అక్కడితో తెగిపోతుంది. చదివేవాడు మోసపోతాడు. ఆ బిడ్డకు ఏమి వచ్చు, ఏమి రాదు అన్నది తెలుసుకునే దారి ఉపాధ్యాయునికి మూసుకుపోతుంది. రానిదాన్ని వచ్చని నమ్మి ఆయన తరువాతి పాఠానికి వెళ్లిపోతాడు. నష్టపోయేవాడు అసలు రచయిత ఒక్కడే కాదన్నమాట. చేయని పనికి ప్రశంసలు కోరుకునేవారి గురించి దివ్యఖురాన్ ఆలి ఇమ్రాన్ సూరా 188వ వాక్యంలో ఎంత తీవ్రమైన హెచ్చరిక ఉన్నదో పాఠకులు ఒకసారి తెరిచి చూడగలరు.

మన పూర్వ విద్వాంసులకు ఈ రోగం కొత్తది కాదు. హదీసు శాస్త్రంలో ఉల్లేఖకుల గుణదోషాలను పరీక్షించే విభాగమొకటి ఉన్నది. అందులో 'హదీసు చోరుడు' అన్నది ఒక దోషానికి స్థిరపడిన పేరు. ఒక హదీసును ఫలానా గురువు నుండి ఒక్కరే విని ఉండగా, మరొకడు వచ్చి తానూ ఆయన దగ్గరే విన్నానని చెప్పుకుంటే వాడిని అలా పిలిచేవారు. గమనించండి, ఇక్కడ హదీసు మాటలలో అబద్ధం లేకపోవచ్చు. అబద్ధమంతా 'నేను విన్నాను' అనడంలోనే ఉన్నది. అయినా వాడి ఉల్లేఖనాలను పక్కన పెట్టేవారు.

ఎలా పట్టుకునేవారు? సిరియాలోని హిమ్స్ పట్టణంలో జరిగిన ఒక సంఘటన హదీసు శాస్త్ర గ్రంథాలలో నమోదై ఉన్నది. ఉమర్ బిన్ మూసా అనే వ్యక్తి అక్కడికి వచ్చి, ఆ ఊరి పుణ్యపురుషుడైన ఒక గురువు తనకు హదీసు చెప్పాడని వినిపించసాగాడు. ఉఫైర్ బిన్ మఅదాన్ అనే విద్వాంసుడు ఆ గురువు పేరేమిటని అడిగాడు. ఖాలిద్ బిన్ మఅదాన్ అని జవాబు వచ్చింది. ఏ సంవత్సరం కలిశావని అడిగితే హిజ్రీ 108 అన్నాడు. ఎక్కడంటే ఆర్మీనియా దండయాత్రలో అన్నాడు. అప్పుడు ఉఫైర్, అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించి, ఖాలిద్ 104లోనే మరణించాడని, పైగా ఆయన ఆర్మీనియా యుద్ధంలో ఎన్నడూ పాల్గొనలేదని చెప్పాడు. ఆ విద్వాంసుని దగ్గర యంత్రమేమీ లేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలున్నాయి. వాటితో పాటు గురువుల జీవిత విశేషాలు తెలిసిన జ్ఞాపకశక్తి ఉన్నది.

అంతకంటే సూక్ష్మమైన ఉదంతం ఈజిప్టుది. జలాలుద్దీన్ సుయూతీ (మరణం 1505) గ్రంథచౌర్యం మీదనే ఒక చిన్న పుస్తకం రాశారు. రచయితకూ దొంగకూ గల భేదమన్నది దాని పేరులోనే ఉన్నది. సహీహ్ బుఖారీకి పెద్ద వ్యాఖ్యానం రాసిన ఖస్తల్లానీ (మరణం 1517) తన గ్రంథాల నుండి పేరు చెప్పకుండా తీసుకున్నారని సుయూతీ ఆరోపించారు. తగవు షేఖుల్ ఇస్లాం జకరియ్యా అన్సారీ ముందుకు వెళ్లింది. ఆయన రుజువు అడిగారు. సుయూతీ చూపిన రుజువు ఇది: ఖస్తల్లానీ పలుచోట్ల బైహఖీ చెప్పారని రాశారు. బైహఖీకి అనేక గ్రంథాలున్నాయి. వాటిలో ఏ గ్రంథంలో చూశారో చెప్పమనండి. ఖస్తల్లానీ చెప్పలేకపోయారు. బైహఖీ నుండి సుయూతీ తీసుకున్నారు, సుయూతీ నుండి ఖస్తల్లానీ తీసుకున్నారు. నడుమ ఉన్న పేరు ఎగిరిపోయింది. ఆ తరువాత ఖస్తల్లానీ చెప్పులు లేకుండా కైరో నుండి రౌదా దాకా నడిచి, సుయూతీ తలుపు తట్టి క్షమాపణ వేడుకున్నారనీ, మనసు శాంతించిందని సుయూతీ లోపలి నుండే చెప్పి తలుపు మాత్రం తెరవలేదనీ చరిత్రకారులు రాశారు. (ఇదే సుయూతీ మీద ఆయన సమకాలికుడు సఖావీ సరిగ్గా ఇదే ఆరోపణ చేశారు. విద్వాంసుల లోకం కూడా మనుషుల లోకమే.)

ఈ ఉదంతాన్ని విస్తరించి చెప్పడానికి కారణమున్నది. నేడు మన కళాశాలలలో సమర్పిస్తున్న సిద్ధాంత వ్యాసాలలో అత్యధికంగా కనిపించే దోషం ఇదే. విద్యార్థి మూలగ్రంథాన్ని చూడడు. మరొకరి వ్యాసం చివర ఉన్న గ్రంథాల జాబితాను తన వ్యాసం చివర దించుకుంటాడు. అందులో ఒక్క గ్రంథం పేరు చెప్పి, ఇది ఏ గ్రంథాలయంలో చూశావని అడిగితే నోరు పెగలదు.

ఇది చిన్నవారితో ఆగిపోయే జబ్బు కూడా కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం బోధించిన ఒక ఆచార్యుడు 2004 నుండి 2007 వరకు రెండు డజన్లకు పైగా అంతర్జాతీయ పత్రికలలో సుమారు 70 వ్యాసాలు ప్రచురించగా, వాటిలో ఇతరుల పరిశోధనను నకలు చేశారనీ, ఫలితాలను కల్పించారనీ 2008లో లోకానికి తెలిసింది. ఒక్కొక్క వ్యాసాన్నీ నిపుణులు పరిశీలించి ఆమోదించినవారే! కొద్ది కాలంలో ఒక్కరే అన్ని వ్యాసాలు ఎలా రాయగలరన్న సందేహం ముందే కలగవలసింది.

2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశమంతటికీ నియమావళి తెచ్చింది. దాని ప్రకారం పరిశోధన వ్యాసంలో ఇతరుల రచనతో పోలిక పది శాతం వరకు ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై వరకు అయితే ఆరు నెలలలోగా సరిచేసి మళ్లీ సమర్పించాలి. నలభై దాటి అరవై వరకు అయితే ఏడాది పాటు సమర్పించరాదు. అరవై దాటితే నమోదే రద్దు. సర్వసాధారణ పదబంధాలను పధ్నాలుగు మాటల వరకు లెక్కలోకి తీసుకోరు. మూలం చెప్పి ఉటంకించినవాటినీ మినహాయిస్తారు. నియమం మంచిదే కాని, శాతాలు పెట్టగానే మన యువకులు శాతాన్ని దించే విద్య నేర్చారు. సాఫ్ట్‌వేర్ మాటల వరుసను తన దగ్గరున్న నిల్వతో పోల్చి చూస్తుంది. నిల్వలో లేనిది దానికి తెలియదు. ఆంగ్ల వ్యాసాన్ని తెలుగులోకో, ఉర్దూలోకో మార్చి రాస్తే మాటల వరుసే మారిపోతుంది కనుక చాలాసార్లు దాటిపోతుంది. తొమ్మిది శాతం వచ్చిందని మిఠాయి పంచిన వ్యాసంలో ఒక్క ఆలోచనా సొంతం కాకపోవచ్చు.

ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చింది. అది రాసింది ఏ పుస్తకంతోనూ అక్షరాలా సరిపోలదు. దానిని పట్టే పరికరాలున్నాయని కొందరు ఉపాధ్యాయులు నమ్ముతున్నారు. ఈ విషయంలో అత్యంత జాగరూకత అవసరం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అటువంటి పరికరాన్ని విడుదల చేసి, కచ్చితత్వం లేదని అదే ఏడాది జూలైలో ఉపసంహరించుకున్నది. ఆ సంస్థ లెక్కలోనే అది యంత్రం రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టింది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానికి అంటగట్టింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆంగ్లం మాతృభాష కాని విద్యార్థులు రాసిన 91 వ్యాసాలను ఏడు పరికరాలకు ఇచ్చి చూడగా, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి తీర్పు చెప్పాయి. కారణం సులభమే. పరాయి భాషలో రాసేవారు తెలిసిన కొద్ది మాటలతో, సాదా వాక్యాలతో రాస్తారు. యంత్రానికి అది యంత్రం రాతలాగా తోస్తుంది. ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి, కష్టపడి ఆంగ్లంలో పది పుటలు రాసిన మన ఆడపిల్లను ఒక పరికరం మాట మీద దొంగ అనడం అపనింద. అపనింద వేయడం ఎంతటి పాపమో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పవలసిన పని లేదు.

మరి నిజం తేలేదెలా? సిరిసిల్ల చుట్టుపక్కల వారికి బట్ట సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. పోచంపల్లి ఇక్కత్‌లో నేయక ముందే నూలుకు రంగు పట్టిస్తారు కనుక రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. అచ్చు వేసిన నకలును తిరగేస్తే వెనక వైపు వెలవెలబోతుంది. విద్యార్థిని కూడా అలాగే తిరగేసి చూడాలి. ఈ పదానికి అర్థమేమి? ఈ సంఖ్య ఎక్కడిది? ముందు ఏమి రాశావు, తరువాత ఎందుకు కొట్టివేశావు? సొంతంగా రాసిన బిడ్డ తడబడుతూనైనా చెబుతుంది. కొట్టివేతలున్న చిత్తు ప్రతి తెస్తుంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. అరవై మంది ఉన్న తరగతిలో అది కష్టమేనని ఒప్పుకుంటాను. అందరినీ కాకపోయినా చీటీ తీసి పది మందిని అడిగితే మిగతావారు కూడా చదివి వస్తారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బి.ఇడి. రికార్డుల వ్యవహారం. పాఠ్య పథకాలు, బోధనాభ్యసన రికార్డులు పైసలిచ్చి రాయించుకుంటున్నారు. ఇలా రాయించుకున్నవారే రేపు మన పిల్లల ముందు ఉపాధ్యాయులుగా నిలబడతారు. నకలు ప్రాజెక్టు తెచ్చిన పిల్లవాడిని ఏ ముఖంతో ప్రశ్నిస్తారు? తమ ఇంటి కోడలికో, కుమారునికో రికార్డు రాసే మనిషిని వెదుకుతున్న పెద్దలు ఆ ప్రయత్నం మానుకోవాలని నా విన్నపం. రికార్డు పని ఎక్కువైతే కళాశాలను గడువు అడగండి. ఇంటి పని తగ్గించి కోడలికి సమయమివ్వండి.

ఇంట్లో చేయగలిగినది చాలానే ఉన్నది. ప్రాజెక్టు ఇచ్చిన రోజే బిడ్డను కూర్చోబెట్టి ఏమి తెలుసుకోవాలనుకుంటున్నావని అడగండి. చెరువు గురించి అయితే చెరువు కట్ట దాకా తీసుకువెళ్లండి, చేపలు పట్టేవారితో మాట్లాడించండి. బొమ్మ వంకరగా వచ్చినా తన చేతితోనే వేయనివ్వండి. పుస్తకం చూసి రాస్తే చివర పుస్తకం పేరు, పుట సంఖ్య రాయమనండి. నాన్నమ్మ చెబితే నాన్నమ్మ పేరే రాయమనండి. ఫోనులో చూస్తే ఫోనులో చూశానని రాయనివ్వండి. అందుకు మార్కు తగ్గిస్తే, తల్లిదండ్రులు స్వయంగా బడికి వెళ్లి, బిడ్డ నిజం రాసినందుకు మార్కు పోయిందని ఉపాధ్యాయునికి మర్యాదగా చెప్పాలి.