కార్డ్ సరే, కరెంటు మాటేంటి?

గ్రాఫిక్స్ కార్డ్ కొనేముందు మనవాళ్లు చేసే రీసెర్చ్ అంతా ఇంతా కాదు. పాతిక రివ్యూలు చూస్తారు, ఫ్రేమ్ రేట్లు పోలుస్తారు, ఆఫర్ కోసం నెలల తరబడి కాచుకుంటారు. తీరా బిల్లు వేయించే దగ్గర ఎస్‌ఎంపీఎస్ సంగతి వచ్చేసరికి ‘ఏదో ఒకటి వెయ్యన్నా’ అనేస్తారు. పీసీ మొత్తానికీ కరెంటు పంచేది అదే కదా! అది చాలకపోతే బ్రౌజింగ్, సినిమాలు బాగానే నడుస్తాయి. గేమ్‌లో అసలు ఫైట్ మొదలవగానే సిస్టమ్ ఠక్కున ఆగిపోతుంది. ఆగిపోతే అదృష్టమే. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ అయితే తాను కాలిపోతూ కార్డ్‌నీ, మదర్‌బోర్డ్‌నీ వెంట తీసుకుపోవచ్చు.

ఎన్ని వాట్లు కావాలి?

లెక్క కష్టమేం కాదు. ఆర్‌టీఎక్స్ 4060నే తీసుకోండి. దాని వాడకం 115 వాట్లు. రైజెన్ 5 5600 ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 76 వాట్ల దాకా లాగుతుంది. మదర్‌బోర్డ్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 60 వేసుకోండి. అంతా కలిపి 250 వాట్లు. మరి ఎన్విడియా ఈ కార్డ్‌కి 550 వాట్ల సప్లై పెట్టుకోమని ఎందుకు చెబుతోంది?

ఎందుకంటే కార్డ్ ఎప్పుడూ ఒకేలా కరెంటు తీసుకోదు. సీన్ మారినప్పుడు రెప్పపాటు కంటే తక్కువ సమయంలో వాడకం అమాంతం పైకి లేస్తుంది. పెద్ద కార్డ్‌ల్లో ఇది మరీ ఎక్కువ. ఆ దెబ్బకి సప్లైలోని రక్షణ సర్క్యూట్ భయపడి అంతా ఆపేస్తుంది. అందుకే 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఓ షరతు పెట్టింది. 450 వాట్లు దాటి, కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఉన్న సప్లై 100 మైక్రోసెకన్ల పాటు రెండింతల లోడ్‌ని తట్టుకోవాలి. కొత్తది కొంటుంటే ఈ ప్రమాణం ఉందో లేదో చూసుకోండి.

ఆర్‌టీఎక్స్ 4070కి 650, ఆర్‌టీఎక్స్ 4090కి 850 వాట్లు కంపెనీ చెప్పే లెక్క. సప్లై మంచిదైతే అది చాలు. 4060 కోసం 1000 వాట్లది కొనక్కర్లేదు. పెద్దది పెడితే కరెంటు బిల్లు పేలిపోతుందన్న భయమూ వద్దు. పీసీకి ఎంత కావాలో అంతే లాగుతుంది.

డబ్బా మీది అంకె నమ్మొద్దు

కార్డ్, ప్రాసెసర్ రెండూ బతికేది 12 వోల్ట్‌ల లైన్ మీదే. స్టిక్కర్ మీద ఆ లైన్ ఎదురుగా ఉన్న ఆంపియర్లను 12తో గుణించండి. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు. అది నిజమైన 550 సప్లై. పేరుకి 500 అని పెద్దక్షరాల్లో వేసి, అక్కడ 20 ఆంపియర్లే ఉంటే మీ కార్డ్‌కీ, ప్రాసెసర్‌కీ కలిపి దక్కేది 240 వాట్లే! 12 వోల్ట్‌ల లైన్లు రెండుంటే ఊరికే కూడేయకండి, రెండింటికీ కలిపి ఇచ్చిన వాట్లు చూడండి.

‘80 ప్లస్’ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతాయి. అంతేగానీ లోపలి విడిభాగాల నాణ్యతకి గ్యారంటీ కాదు. ఐదేళ్లకు తగ్గని వారంటీ ఉంటే కొంత భరోసా.

కేబుల్ దగ్గర జాగ్రత్త

మదర్‌బోర్డ్ స్లాట్ 75 వాట్లు, ఒక 8 పిన్నుల కనెక్టర్ 150 వాట్లు ఇస్తాయి. కార్డ్‌కి రెండు సాకెట్లుంటే రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. ఊడదీసే కేబుళ్లుండే మాడ్యులర్ సప్లై అయితే, వేరే కంపెనీ కేబుల్ సరిగ్గా పట్టిందని అస్సలు పెట్టొద్దు. లోపల వైర్ల వరస వేరుగా ఉంటుంది, ఎస్‌ఎస్‌డీలు, కార్డ్‌లు కాలిపోతాయి. 16 పిన్నుల కనెక్టర్‌ని చివరిదాకా నొక్కండి. 2022లో కొన్ని 4090 కార్డ్‌ల దగ్గర అది కరిగిపోతే, పూర్తిగా దిగకపోవడమే ప్రధాన కారణమని ఎన్విడియా చెప్పింది.

యూపీఎస్‌నీ లెక్కలో వేసుకోండి. ఇళ్లలో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. 4070 లాంటి కార్డ్‌కి ప్రాసెసర్, మానిటర్ కూడా తోడైతే అది చాలదు. గేమ్ మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ ఉన్నా పీసీ ఆగిపోతే కారణం ఇదే కావచ్చు.

బడ్జెట్ చాలకపోతే కార్డ్ ఒక మెట్టు తగ్గించుకోండి, ఎస్‌ఎంపీఎస్‌ని కాదు. కార్డ్ రెండుమూడేళ్లలో మారుస్తారు, మంచి సప్లై ఆ తర్వాతి కార్డ్‌కీ పనికొస్తుంది. ఇంట్లో ఇప్పటికే పీసీ ఉందా? ప్లగ్ పీకేసి, క్యాబినెట్ పక్క పలక మాత్రం తీసి, ఆ స్టిక్కర్‌ని ఫోన్‌తో ఫొటో తీయండి. కొత్త కార్డ్ ఆర్డర్ పెట్టేముందు ఆ ఫొటోలోని ఆంపియర్లను 12తో గుణించుకోండి.