గ్లాసులో గోధుమ రంగు

ఫిల్టర్లమ్మే అబ్బాయి వస్తాడు. రెండు గాజు గ్లాసులు అడుగుతాడు. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, రెండోదాంట్లో తాను తెచ్చిన ఆర్వో నీళ్లు పోస్తాడు. కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింట్లోనూ ముంచి ప్లగ్గు పెడతాడు. కాసేపటికే మీ నీళ్లు గోధుమ రంగుకు తిరిగి తెట్టు కడతాయి. ఆర్వో నీళ్లు మాత్రం తేటగా అలాగే ఉంటాయి. 'ఇన్నాళ్లూ పిల్లలకు తాగిస్తున్నది ఇదేనమ్మా' అంటాడు. ఇంకేముంది, ఇల్లాలి గుండె గుభేల్!

నిజానికి ఆ మురికి నీళ్లది కాదు, కడ్డీలది. కరెంటు పారితే ఇనప కడ్డీ కరిగి తుప్పవుతుంది. కరెంటు పారాలంటే నీళ్లలో లవణాలుండాలి. కుళాయి నీళ్లలో ఉంటాయి, ఆర్వో నీళ్లలో బాగా తక్కువ. ఈసారి ప్లగ్గు పెట్టకముందే అతని గ్లాసులోనూ చిటికెడు ఉప్పు వేయమనండి. అదీ రంగు మారుతుంది. (తర్వాత కాఫీ ఇచ్చి పంపండి. పాపం, అతని ఉద్యోగం అతనిది.)

మరి ఫిల్టరు అక్కర్లేదా? కావాలి. ఏది కావాలన్నది మీ నీళ్లను బట్టి ఉంటుంది.

కరిగిన లవణాల లెక్కనే టీడీఎస్ అంటారు. మన జాతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఇబ్బంది లేదు. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. శుద్ధి చేసిన నది నీళ్లు వచ్చే ఇళ్లలో చాలావరకు 500 లోపే ఉంటుంది. అక్కడ ఆర్వో పెడితే లీటరు నీళ్ల కోసం రెండు మూడు లీటర్లు మోరీ పాలు! అందుకే 500 లోపున్న చోట ఆర్వోలను నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది.

ఫ్లోరైడు బోర్ల సంగతి వేరు. నల్గొండ పల్లెల్లో వంగిపోయిన ఎముకలు చూసినవాళ్లు ఆర్వో వద్దనలేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు కాచినా పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లు తాగేవాళ్లు ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లాలి.

పట్టణాల్లో అసలు భయం క్రిములది. రోజు విడిచి రోజు నీళ్లొదిలే చోట గొట్టాలు ఖాళీగా ఉంటాయి. పక్కనే మురుగు కాల్వ, గొట్టానికో పగులు ఉంటే చాలు, ఆ మురికి లోపలికి చేరుతుంది. టీడీఎస్ మీటరు దీన్ని పట్టుకోలేదు. 150 చూపించిన నీళ్లలోనూ కామెర్ల క్రిమి ఉండొచ్చు. దీనికి యూవీ ఫిల్టరు సరిపోతుంది, నీళ్లు తేటగా ఉంటేనే సుమా! కరెంటు లేకపోతే నీళ్లు తెర్లేదాకా కాచి, మరో నిమిషం పొయ్యి మీద ఉంచితే చాలు.

ఎంత ఖరీదైన ఫిల్టరు కొన్నా సంపు మూత తెరిచి చూడనివాళ్లే ఎక్కువ. అడుగున బురద ఉంటే ముందు దాన్ని కడిగించండి. కుళాయి రాగానే తొలి బిందె మొక్కలకు పోయండి. ఫిల్టరులోని కార్బన్ క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది కాబట్టి ఆ నీళ్లను రోజుల తరబడి సీసాల్లో నిల్వ ఉంచొద్దు. పాత స్టీలు ఫిల్టరే వాడుతుంటే క్యాండిల్‌ను మెత్తటి బ్రష్షుతో, ఉత్త నీళ్లతో కడగండి. సబ్బు పెట్టొద్దు. సన్నని పగులు కనిపించినా ఆ రోజే మార్చేయండి.