లెక్కకు రాని పాటలు

ఒక పాటకు వచ్చిన పేరు వేరు, ఆ పాటయందున్న గుణము వేరు. ఈ రెండును ఒక్కచోట నుండుటయు కలదు, ఉండకపోవుటయు కలదు. కాని నేడు మనము పాటను వినుటకు ముందే దానిని ఎందరు వినిరో చూచుచున్నాము. ఫోనులో పాట ప్రక్కనే ఆ సంఖ్య కనబడును. సంఖ్య పెద్దదైనచో పాట మంచిదనియు, చిన్నదైనచో విననక్కరలేదనియు తలంచుట అలవాటైనది. ఈ అలవాటు సరియైనది కాదని నా అభిప్రాయము. పాశ్చాత్య దేశములలోని పాప్, రాక్ గీతముల చరిత్రనుండి కొన్ని నిదర్శనములు చూపెదను.

అమెరికాలో మెంఫిస్ అను నగరము కలదు. అచ్చట ఆలెక్స్ చిల్టన్, క్రిస్ బెల్ మొదలైన నలుగురు యువకులు బిగ్ స్టార్ అను రాక్ బృందముగా నేర్పడి 1972లో తమ మొదటి ఆల్బమును వెలువరించిరి. దానికి వారు 'నంబర్ వన్ రికార్డ్' అని పేరు పెట్టిరి. విమర్శకులు మెచ్చుకొనిరి. కాని రికార్డులను ఊరూర అంగళ్లకు చేర్చవలసిన ఏర్పాటు సరిగా సాగలేదు. పాట విని కొనగోరినవారికి రికార్డు దొరకుటయే కష్టమైనది. సరుకులో లోపము లేదు, బండి కదలలేదు. పెద్ద కంపెనీల అండ లేకుండ స్వతంత్రముగా పాడుకొను బృందముల సంగీతమును ఇండీ రాక్ అందురు. 1980 తరువాత ఆ మార్గమున పైకి వచ్చిన ఆర్.ఇ.ఎం., రీప్లేస్‌మెంట్స్ మొదలైన బృందములవారు బిగ్ స్టార్‌ను తమకు మార్గదర్శకులుగా చెప్పుకొనిరి. రీప్లేస్‌మెంట్స్ వారు 1987లో చిల్టన్ పేరుతోనే ఒక పాట కట్టిరి.

పెరటి చెట్టు మందుకు పనికిరాదను సామెత సిక్స్‌టో రోడ్రిగ్జ్ అను గాయకుని యెడ నిజమైనది. ఆతడు 1942లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున, మెక్సికో నుండి వలసవచ్చిన కుటుంబమునందు జన్మించెను. 1970, 1971 సంవత్సరములలో ఆతని ఆల్బములు రెండు వెలువడినవి. నగరములోని పేదల బ్రదుకు వానిలో వినబడును. స్వదేశమున వానిని కొన్నవారు బహుస్వల్పము. ఆతడు పాత కట్టడములను పడగొట్టు కూలిపనికి పోయెను. ఆస్ట్రేలియాలో కొంత ఆదరణ కలిగి, 1979లో అచ్చట పాడివచ్చెను గాని, దానితో ఆతని స్థితి మారలేదు. దక్షిణాఫ్రికాలోనో, జాతివివక్ష ప్రభుత్వము పాలించుచున్న ఆ దినములలో, తెల్లజాతి యువజనులు ఆతని పాటలను ఇంటింట వినుచుండిరి. ఆ సంగతి ఆతనికి తెలియదు. ఆతడు మరణించెనని వారు నమ్మియుండిరి. అభిమానులు పట్టుదలతో వెదకి, ఆతడు జీవించియున్నట్లు 1997లో కనుగొనిరి. 1998లో ఆతడు దక్షిణాఫ్రికాకు పోయి పాడగా వేలకొలది జనులు వచ్చిరి. ఈ కథను తెలుపు 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' అను చిత్రమునకు 2013లో ఆస్కార్ బహుమానము లభించెను. 2023లో రోడ్రిగ్జ్ కాలధర్మము నొందెను.

పై రెండును అదృష్టవశమున జరిగినవని కొందరనవచ్చును. కాని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ఈ విషయమును పరీక్షించి చూచిరి. ఆ ఫలితములు 2006లో 'సైన్స్' పత్రికలో వెలువడినవి. పేరులేని బృందముల పాటలు 48 తీసికొని, 14,000 మందికి పైగా శ్రోతలకు వినిపించిరి. కొందరికి పాటల పేర్లు, బృందముల పేర్లు మాత్రమే చూపిరి. తక్కినవారిని ఎనిమిది గుంపులుగా విభజించి, తమ గుంపులో ఏ పాటను ఎందరు తీసికొనిరో ఆ లెక్కను కూడ చూపిరి. ఒక గుంపు సంగతి మరియొక గుంపునకు తెలియదు. 'లాక్‌డౌన్' అను పాట, లెక్క చూడక విన్నవారి తీర్పున 26వ స్థానమున నిలిచెను. అదే పాట ఒక గుంపులో మొదటిదాయెను. మరియొక గుంపులో 40వ స్థానమునకు దిగిపోయెను. పాట మారలేదు, పాడినవారు మారలేదు. ముందు వచ్చిన కొద్దిమంది ఎటు మొగ్గిరో వెనుక వచ్చినవారును అటే నడచిరి. గుంపులో గోవింద యనుట ఇదియే.

అట్లని పేరులేని ప్రతి పాటయు రత్నమనుకొనరాదు. మిక్కిలి మంచి పాటలు అట్టడుగునకు పోవుటయు, మిక్కిలి చెడ్డవి పైకి వచ్చుటయు అరుదని కూడ ఆ పరీక్షయే తెలిపినది. నడుమనున్న పాటల గతి మాత్రము ఎట్లైనను కావచ్చును. లోకమున అట్టి పాటలే అధికము.

మంచి పాట యెప్పటికైనను తనంత తాను పైకి వచ్చునని మరికొందరి వాదము. పాటకు కాళ్లు లేవు. ఎవరో ఒకరు మోసికొనిపోయిననే అది ముందుకు సాగును. రోడ్రిగ్జ్‌ను వెదకినవారు లేకున్న ఆ కూలివాని గానము సంగతి లోకమునకు తెలిసియుండెడిదా? పోనీ, ఆలస్యముగనైనను పేరు వచ్చినది గదా యందురేమో. ఆలస్యమునకు చెల్లించు మూల్యము గొప్పది. బిగ్ స్టార్‌లోని క్రిస్ బెల్ 1978లో 27 ఏండ్ల వయస్సున కారు ప్రమాదమున మరణించెను. తరువాతి తరమువారు తమ పాటలకు చేసిన గౌరవమును ఆతడు చూడనేలేదు.

కావున విద్యార్థులారా, తెలుగు పాటయైనను, ఇంగ్లీషు పాటయైనను, ముందు వినుడు. పిమ్మట సంఖ్యను చూడుడు. నచ్చినచో ఎందుకు నచ్చినదో రెండు మాటలలో చెప్పుకొనుడు. నచ్చనిచో కోట్లమంది మెచ్చినదైనను నచ్చలేదనుటకు వెనుదీయకుడు. ఎవరును వినని మంచి పాట మీకు దొరకినచో, పాడినవారి పేరుతో కూడ ఒక స్నేహితునికి చెప్పుడు. మీరు చెప్పిన ఆ ఒక్క మాటతో సంఖ్య పెరుగునది ఒక్కటియే కావచ్చును. కాని ఆ ఒక్కటి మీ చెవితో విని, మీ బుద్ధితో తూచి కలిపిన ఒక్కటి.