పేరు చెప్పని శుభాకాంక్ష

పండగ శుభాకాంక్షలు అన్న మాటలో ఏ దేవుడి పేరూ లేదు. అది ఏ పండగో కూడా లేదు. దసరాకీ అదే చెల్లుతుంది, రంజాన్‌కీ అదే, క్రిస్మస్‌కీ అదే. అరబ్బీలో ఈద్ అంటే పండగ, ముబారక్ అంటే శుభప్రదమైనది. కాబట్టి ఈద్ ముబారక్ అన్నా అర్థం పండగ శుభం అనే. ఉపవాసాలు ముగిసిన నాడూ, బక్రీదు నాడూ ముస్లింలు చెప్పుకునేది ఆ ఒక్క మాటే. ఇక సంక్రాంతి నాడు కర్ణాటకలో నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలపప్పు కలిపి చక్కెర అచ్చులతో, చెరకు ముక్కతో ఇంటింటికీ పంచుతారు. చిక్కబళ్ళాపురం వైపు తెలుగిళ్ళలోనూ ఆ ఆచారం ఉంది. పంచేటప్పుడు ఎళ్ళు బెల్ల తిని మంచి మాట ఆడమని కన్నడంలో చెబుతారు. అందులో దేవుడూ లేడు, మతమూ లేదు. నోటికి తీపి, నోటి నుంచి మంచి మాట, అంతే.

ఏ మతం పేరూ ఎత్తకుండా అందరికీ కలిపి శుభం కోరడం నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదు. అయినా ఇటీవలి కాలంలో దాని మీద రెండు వైపుల నుంచి కోపం కనిపిస్తోంది. పండగ పేరు పలకకపోతే తమ పండగను చెరిపేస్తున్నట్టేనని కొందరి బాధ. ఇతరుల పండగ పేరు పలికితే తమ విశ్వాసానికి మచ్చ వస్తుందని మరికొందరి భయం. మొదటివారికి పేరు లేకపోవడమే తప్పు, రెండోవారికి పేరు ఉండటమే తప్పు. ఈ రెండూ ఎంతవరకు న్యాయమో తేలాలంటే వాటిని విడివిడిగా చూడాలి.

పేరు లేదన్న కోపం ఎక్కువగా వినిపించింది పాశ్చాత్య దేశాల్లో. 1843లో ఇంగ్లండులో హెన్రీ కోల్ అచ్చువేయించిన మొట్టమొదటి వ్యాపార క్రిస్మస్ కార్డు మీద క్రిస్మస్ పేరు ఉంది, కొత్త సంవత్సరం పేరూ ఉంది. ఆ తర్వాత అమెరికాలో డిసెంబరు నెలకంతటికీ కలిపి హ్యాపీ హాలిడేస్ అనడం వాడుకైంది. హాలిడే అన్న మాట పుట్టుకలోనే పవిత్రమైన రోజు అన్న అర్థం ఉంది గనుక అది మతాన్ని తోసేసిన మాట కాదు. 1942లో వచ్చిన హాలిడే ఇన్ సినిమాకు ఆ మాటతోనే పాట కట్టిన ఇర్వింగ్ బెర్లిన్ యూదుడు. తెల్ల క్రిస్మస్ మీద ప్రసిద్ధమైన పాట కట్టినదీ ఆయనే. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 1997లోనూ, 1998లోనూ దీపావళి, క్రిస్మస్ వంటి పండగలన్నిటినీ కలిపి వింటర్‌వల్ పేరుతో ఉత్సవాలు నిర్వహించింది. క్రిస్మస్ పేరే మార్చేశారని పత్రికలు ఏళ్ళ తరబడి రాశాయి. నిజానికి ఆ ఉత్సవాల్లో క్రిస్మస్ తన పేరుతోనే ఉంది. డెయిలీ మెయిల్ 2011లో తప్పు దిద్దుకుంటూ సవరణ వేసింది. అంతకు చాలా ముందు, 1659లో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో క్రిస్మస్ జరుపుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించారు. ఆ చట్టం చేసినవారు పరమ నిష్ఠగల క్రైస్తవులే. క్రిస్మస్‌ను నిజంగా నిషేధించిన చరిత్ర అది. పొరుగు మతంవాళ్ళ మర్యాద మాటలకు ఆ చరిత్రతో సంబంధం లేదు.

భారతదేశంలో ఇలాంటి గొడవ 2021 అక్టోబరులో వచ్చింది. దీపావళి ముందు ఫ్యాబ్ఇండియా సంస్థ కొత్త బట్టలకు జష్న్ ఎ రివాజ్ అని పేరు పెట్టింది. సంప్రదాయపు వేడుక అని ఆ ఉర్దూ మాటకు అర్థం. హిందువుల పండగకు ఉర్దూ పేరేమిటని పెద్ద అలజడి లేచి సంస్థ ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. ఆ కోపంలో రెండు విషయాలు కలిసిపోయాయి. దీపావళిని దీపావళి అనే పిలవాలని కోరుకోవడం సహజమే, దాన్ని ఎవరూ తప్పు పట్టనక్కరలేదు. ఉర్దూ మాటే పరాయిదనడం మాత్రం తెలుగువాడికి తగదు. జిల్లా, తాలూకా, కచేరి, ఖాతా, దస్తావేజు ఏ దారిన వచ్చాయో ఆ దారినే వచ్చిన మాట రైతు. ఆ మాటను వెళ్ళగొడితే పొలంలో నిలబడ్డ మనిషికి పేరుండదు.

భాషలు అలా కలిసి బతికే చోటు కర్ణాటకలోని కైవారం సీమ. అక్కడ మూడు భాషలు ఒకే వీధిలో వినిపిస్తాయి. 2007లో కోలారు జిల్లా నుంచి విడివడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో బడి, కచేరి కన్నడంలో నడుస్తాయి. బాగేపల్లి, చింతామణి వైపు ఎన్నో ఇళ్ళలో మాట తెలుగు. పక్క వీధి ముస్లింల ఇళ్ళలో దక్కనీ. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్‌కు గూళ్ళు తెచ్చే రైతుల్లో హిందువులు ఎక్కువ, వాటిని కొని దారం తీసే రీలర్లలో ముస్లింలు ఎక్కువ. ఒకరి చేతి పంట ఇంకొకరి చేతిలో దారమైతేనే ఇద్దరి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇలాంటి చోట పండగ పలకరింపు అలంకారం కాదు, రోజువారీ సంబంధంలో ఒక భాగం.

ఈ సీమకు పెద్ద దిక్కు కైవారం తాతయ్య, యోగి నారేయణ. సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం ఆయన 1726 నుంచి 1836 వరకు జీవించారు. హైదరలీ, టిప్పు ఏలిన కాలమంతా, ఆ తర్వాత మైసూరు ఒడయర్ల పాలనలో కొంత కాలమూ ఆ జీవితంలో ఇమిడిపోయాయి. గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న మనిషి గురూపదేశం పొంది, కొండగుహలో తపస్సు చేసి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, కాలజ్ఞానం చెప్పారు. అమరనారేయణ అన్నది ఆయన ముద్ర. గురుపూర్ణిమకు కైవారంలో రాత్రింబగళ్ళు ఆగకుండా సంగీతం సాగుతుంది. అంతటి యోగిని ఈ సీమ జనం స్వామీజీ అనో ఆచార్యులు అనో పిలవలేదు. తాతయ్య అన్నారు. మఠం పీఠాన్ని బట్టి పుట్టిన పిలుపు కాదది, ఇంటి పిలుపు.

కైవారం ఉన్న చింతామణి తాలూకాలోనే మురుగమల్లలో ఒక దర్గా ఉంది. అక్కడి పుణ్యదంపతులను జనం అమ్మాజాన్, బావాజాన్ అంటారు. దక్కనీలో బావా అంటే నాన్న. మొక్కు చెల్లించేందుకు హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. ఆంధ్ర సరిహద్దు దాటితే పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గా. ఆయన తెలుగువాళ్ళ నోట పెనుకొండ బాబయ్య అయ్యారు. మొహర్రం ఈ ప్రాంతంలో చాలామందికి బాబయ్య పండగ. ఇంకాస్త దూరంలో దేవుని కడపలో, ఉగాది నాడు ముస్లింలు వేంకటేశ్వరుడి గుడికి కొబ్బరికాయలతో వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు కాబట్టి స్వామి తమకు అల్లుడని వాళ్ళ నమ్మకం. తాతయ్య, బాబయ్య, అమ్మాజాన్, బావాజాన్, అల్లుడు అన్నీ చుట్టరికాలే. మతానికి ఒక మాట, మతాలన్నిటికీ కలిపి ఇంకొక మాట వెతుక్కునే అవసరం ఈ జనానికి రాలేదు. వరస కలుపుకున్నారు. మామా, అన్నా, చిన్నాయనా అని పిలిచాక పండగ శుభాకాంక్షలు అన్నా, రంజాన్ శుభాకాంక్షలు అన్నా, ఈద్ ముబారక్ అన్నా విన్న మనిషికి చేరేది ముందు ఆ పిలుపే. ఇది తెలుగు సీమల దగ్గరున్న గొప్ప సంపద. అచ్చుకార్డు మీద ఏం రాయాలన్న తగవులో దాన్ని మరచిపోవడం అన్యాయం.

విశ్వాసానికి మచ్చ వస్తుందన్న రెండో భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నిష్ఠగా బతికేవారి మనసులోంచి వచ్చే ప్రశ్న అది. 14వ శతాబ్దపు పండితుడు ఇబ్న్ అల్ ఖయ్యిం ఇతరుల మతపండగలకు ముస్లింలు శుభాకాంక్షలు చెప్పడం కూడదని గట్టిగా వాదించారు. ఈ కాలంలో ఈజిప్టులోని ఫత్వాల అధికార సంస్థ దారుల్ ఇఫ్తా, పొరుగువారికి క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పడం మంచి మర్యాదేనని, అందులో దోషం లేదని చెప్పింది. ఎవరైనా పలకరిస్తే అంతకంటె మేలుగా, కనీసం అంతే మేలుగా బదులివ్వాలని ఖురాన్ చెబుతుంది. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది ప్రసాదం తీసుకోరు. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి పౌలు కొరింథీయులకు రాసిన మాటలే దానికి ఆధారం. ఆ మాటలు తిండి గురించి. పక్కింటివాడి బిడ్డలు చల్లగా ఉండాలని కోరడాన్ని అవి ఆపవు. క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పిన హిందువు బాప్తిస్మం తీసుకున్నట్టు కాదు, ఉగాది శుభాకాంక్షలు చెప్పిన ముస్లిం పంచాంగాన్ని నమ్మినట్టూ కాదు. శుభం కోరేది పండగ చేసుకునే మనిషికి.

అయినా మనసు ఒప్పనివారు ఉంటారు. వాళ్ళకు అక్కరకొచ్చేది ఆ పేరు చెప్పని పలకరింపే. ఇతరుల ఆరాధ్యుడి పేరు పలకడానికి మనసు రాని మనిషి కూడా పండగ శుభాకాంక్షలు అని నిండు మనసుతో అనగలడు. వింటున్నది ఎవరో తెలియని చోట, బస్టాండు మైకులో, కచేరి నోటీసు బోర్డు మీద, నూరు ఊళ్ళ జనం చదివే పత్రికలో, మర్యాదగా నిలబడేది కూడా ఆ మాటే. అది ఎవరి పండగనూ తీసెయ్యదు. దానికి నొచ్చుకోవలసిన కారణం ఏ మతస్థుడికీ లేదు.

అదే మాట ఒక్కచోట మాత్రం చెడ్డదవుతుంది. దీపావళికి, వరమహాలక్ష్మికి, క్రిస్మస్‌కు పేరుపెట్టి శుభాకాంక్షలు చెప్పే సంస్థ రంజాన్ వచ్చేసరికి పండగ శుభాకాంక్షలు అని సరిపెడితే నొప్పి కలగడం న్యాయమే. క్రైస్తవులు నడిపే బడి క్రిస్మస్‌ను పేరుతో పిలిచి సంక్రాంతికి సెలవు అని మాత్రం రాసినా అంతే. పేరు లేకపోవడం తప్పు కాదు, ఒకరికి పేరుండి ఇంకొకరికి లేకపోవడం తప్పు. అలాగే ఇరవై ఏళ్ళుగా గోడకు గోడ ఆనించి బతుకుతున్నవాడి పండగ ఏదో తెలిసీ పేరు చెప్పకుండా దాటవేయడం మర్యాద కాదు, ముఖం చాటేయడమే. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేషన్ సరుకుల సంచులు పంచినప్పుడు సంక్రాంతి కానుక, క్రిస్మస్ కానుక, రంజాన్ తోఫా అని పేర్లు పెట్టింది. పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. తోఫా అన్న పేరులో మాత్రం తీసుకునేవాడి ఇంటి మాటలోనే ఇవ్వాలన్న తెలివిడి ఉంది. చింతామణి గోడల మీద వేలాడే బెంగళూరు ప్రెస్ క్యాలెండర్‌లోనూ, ఆంధ్ర ఇళ్ళలోని వెంకట్రామా క్యాలెండర్‌లోనూ ఏకాదశి, బక్రీదు, గుడ్ ఫ్రైడే ఎవరి గడిలో వారి పేరుతోనే అచ్చవుతాయి. ఆ క్యాలెండర్ చూసి ఏ మతస్థుడూ ఇంతవరకు అవమానపడలేదు.

పండగలన్నీ ఒకే రుతువులో కూడి రావడం చలిదేశాల డిసెంబరుకే పరిమితం కాదు. తెలుగు పంచాంగంలో చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, ముస్లిముల సంవత్సరమూ అంతే. రెండిటికీ తేడా తెచ్చేది సుమారు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకోసారి వచ్చే అధికమాసం. ఒక అధికమాసానికీ మరొకదానికీ నడుమ రెండు లెక్కలూ అడుగులో అడుగు వేసి నడుస్తాయి. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. ఆ నడుమ వచ్చిన ఉగాదులు మూడూ రంజాన్ పక్కనే పడ్డాయి. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్. 2026లో మార్చి 19న ఉగాది, రంజాన్ ఒకటి రెండు రోజుల తేడాతో దాని వెంటే. యుగాది, రంజాన్ హబ్బద శుభాశయగళు అని కన్నడంలో రెండు పేర్లూ ఒకే ఫ్లెక్సీ మీద రాయించుకునే వీలు ఆ మూడేళ్ళూ దొరికింది.

2027లో ఉగాది ఏప్రిల్ 7న. రంజాన్ అంతకు దాదాపు నాలుగు వారాల ముందు, మార్చి రెండో వారంలోనే వచ్చి వెళ్తుంది. ఇక మీదట ఏ పండగకు ఆ పండగ నాడు, ఎవరి గడపకు ఆ గడపకు వెళ్ళి పేరుపెట్టి శుభాకాంక్షలు చెప్పాలి. ఉగాది, రంజాన్ మళ్ళీ ఇలా పక్కపక్కన చేరడానికి ముప్పై ఏళ్ళు దాటుతాయి.