గుండు నుంచి గుండుకు

సిరుగుప్ప దగ్గర తుంగభద్ర రెండు పాయలుగా చీలి నడుమ ఒక లంకను వదిలింది. దేశనూరు ఆ లంక మీదిది. తెలుగూ కన్నడమూ కలగలిసి వినిపించే బళ్ళారి సరిహద్దు సీమ. విజయనగర కాలువల్లో ఒకటి ఈ ఊరి పేరుతోనే పారుతోంది.

ఇక్కడ వాన తక్కువ. ఏరు మాత్రం పడమటి కనుమల్లో కురిసిన వానతో ఒక్కసారిగా ఉరికి వస్తుంది. దాన్ని మళ్ళించడానికి విజయనగర కాలంవాళ్ళకు సిమెంటు లేదు, యంత్రం లేదు. కొండ ఉంది, బండ ఉంది. అందుకే ఏటికి అడ్డంగా తిన్నని గోడ కట్టే పని పెట్టుకోలేదు. నదిలో తనంతట తాను పాతుకున్న గుండ్లను చూసుకుని, ఒకదాని నుంచి మరొకదానికి వంకరగా సాగుతూ, మధ్య సందుల్ని చీల్చిన బండలతో పూడ్చారు. పట్టు చాలనిచోట ఇనుప బందులు బిగించారు. ఎత్తు పెంచలేదు, వరద మీదుగా దొర్లిపోవాలి కనుక. ఈ ఏటి పాత ఆనకట్టలన్నిటిదీ దాదాపు ఇదే పద్ధతి. సందుల్లోంచి కారిన నీరూ వృథా కాదు, కింది ఆనకట్టకు అందుతుంది. 1521లో కృష్ణదేవరాయల కాలంలో కట్టిన వల్లభాపురం ఆనకట్ట తుంగభద్ర జలాశయంలో మునిగిపోయింది గానీ, కింది కాలువలు నేటికీ వరి పండిస్తున్నాయి.

ఏరు దాటడానికీ అంతే, దగ్గర దొరికినదానితోనే. వెదురు తట్టకు తోలు కప్పి పుట్టి చేశారు. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అయిదు వందల ఏళ్ళ కిందటే దాన్ని చూసి రాసిపెట్టాడు. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి.

ఉన్నదానితోనే పని నెట్టుకొచ్చే ఆ నేర్పు ఈ కాలంలోనూ అక్కరకొచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. పారే నీటిలోనే ఇనుప పలకల్ని ఒకదానిపై ఒకటి దించి ఆపడానికి దారి చూపింది మన తెలుగువాడు, వయోవృద్ధ నిపుణుడు కన్నయ్యనాయుడు. వారం తిరిగేసరికి నీరు నిలిచింది, ఆయకట్టు రైతు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పూట పనికొచ్చింది ఏళ్ళ తరబడి గేట్ల దగ్గర గడిపిన అనుభవం.

అలాంటి అనుభవమే కాలువ గట్టున పొలాలకు నీరు వదిలే నీరుగంటికీ ఉంటుంది. ఏ తూముకు ఎంత నీరు, ఏ మలుపులో పూడిక, ఏ గట్టు ఎప్పుడు తెగుతుంది, అన్నీ అతనికి నోటికి వచ్చు. ఆధునికీకరణ పేరిట పాత కాలువలకు కాంక్రీటు పోసే ఇంజనీర్లు ముందుగా అతని పక్కన కూర్చుని, ఆ మాటలు కాగితం మీదకు ఎక్కించాలి. ఆ తరువాతే పని మొదలుపెట్టాలి.