కప్పు గెలిచినంత మాత్రాన కాలేజీ సీటు వస్తుందా?

పోయిన శుక్రవారం మంగాఫ్‌లోని ఒక క్యాంపుకు వెళ్లాం. భోజనాలు అయ్యాక రాజంపేట వైపు అన్న ఒకాయన మా పక్కన కూర్చుని ఫోన్‌లో ఫోటో చూపించాడు. మెడలో పతకంతో కొడుకు. "అన్నా, మావోడు కబడ్డీలో జిల్లా తరఫున స్టేట్ ఆడినాడు. పదో తరగతిలో మాత్రం 600కి 402 మార్కులే వచ్చినాయి. ఈ సర్టిఫికెట్ పెడితే ట్రిపుల్ ఐటీలో సీటు ఇస్తారా?" అని అడిగాడు.

మేము కంపెనీ ఆఫీసుల్లో కాగితాలు చూసుకునే గుమస్తాలం. ఇంటర్ దాకా చదివినవాళ్లం. ఇకామా కాగితాల దగ్గర్నుంచి పిల్లల కాలేజీ దరఖాస్తుల దాకా క్యాంపు సోదరులు మమ్మల్నే అడుగుతారు. అసలు సంగతి ఆ అన్న చివర్లో చెప్పాడు. ఊళ్లో ఒకాయన రెండు లక్షలు ఇస్తే "నేషనల్స్ ఆడినట్టు" సర్టిఫికెట్ తెప్పించి సీటు ఖాయం చేస్తానన్నాడట. రెండు లక్షలంటే సుమారు 700 దినార్లు. ఆయన జీతం 90. అంటే దాదాపు ఎనిమిది నెలల కష్టం.

ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. మన పిల్లలు చాలామంది చదువులో మధ్యరకం. ఆటలోనో, పాటలోనో, ఎన్‌సీసీలోనో గట్టివాళ్లు. మార్కులు తగ్గిన చోట ఈ ప్రతిభ ఆదుకుంటుందా? మా అభిప్రాయం ఇది: ఆట మార్కులకు బదులు కాదు. అది పక్కనున్న ఇంకో తలుపు. ఆ తలుపు ఉందన్నది నిజం, అది ఇరుకన్నదీ నిజం.

లెక్క చూద్దాం. ఆంధ్రాలో ట్రిపుల్ ఐటీలు నాలుగు: నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. సీట్లు ఇచ్చేది పదో తరగతి మార్కుల మీదనే. అందులో ఆటల కోటా అర శాతం, ఎన్‌సీసీకి ఒక శాతం, స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు అర శాతం. వెయ్యి సీట్లుంటే ఆటగాళ్లకు ఐదు, ఎన్‌సీసీ పిల్లలకు పది. ఆటల సర్టిఫికెట్లను క్రీడా ప్రాధికార సంస్థ, అంటే శాప్ వాళ్లు పరిశీలించి వరుస క్రమం ఇస్తారు. అంతర్జాతీయ, జాతీయ స్థాయిలో ఆడినవాళ్లు ముందుంటారు. రాష్ట్ర స్థాయి వాళ్ల వంతు ఆ తర్వాతే.

పెద్ద కాలేజీల్లోనూ దారి ఇలాగే ఉంది. మద్రాసు ఐఐటీ 2024లో ఆటగాళ్ల కోసం ప్రతి డిగ్రీ కోర్సులో అదనంగా రెండు సీట్లు పెట్టింది. అందులో ఒకటి ఆడపిల్లలకే. 2025లో సంగీతం, నాట్యం వంటి కళల్లో పేరు తెచ్చుకున్నవాళ్లకూ అలాగే ఇచ్చింది. అయితే ముందు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుల జాబితాలో పేరు ఉండి తీరాలి. ఆ తర్వాతే పతకాలు చూస్తారు. అంటే ఆట వేల ర్యాంకుల దూరాన్ని దాటించగలదు గాని, గడప దాటించేది చదువే.

ఇది విని మా గదిలో ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. "పరుగెత్తేవాడికి ఇంజనీరింగ్ సీటెందుకు? మార్కులే న్యాయం" అన్నాడు. మేము ఒప్పుకోలేదు. మార్కుల వెనక డబ్బు లేదా? లక్షలు కట్టి హాస్టల్లో రుద్దించుకున్న పిల్లవాడూ, జిల్లా పరిషత్ బడిలో చదివి సాయంత్రం గేదెలు తోలుకొచ్చిన పిల్లవాడూ ఒకే చోట మొదలుపెట్టారా? ట్రిపుల్ ఐటీ వాళ్లు కూడా ఈ తేడా చూసే ప్రభుత్వ బడి పిల్లలకు నాలుగు శాతం కలుపుతున్నారు.

అలాగని ఆటల తలుపు దగ్గర డబ్బు పనిచేయదని కాదు. అమెరికాలో పేరున్న యూనివర్సిటీలు మార్కులతోపాటు ఆటలూ ఇతర ప్రతిభలూ చూస్తాయి. 2019లో అక్కడ పెద్ద కుంభకోణం బయటపడింది. ఆడని ఆటల్లో తమ పిల్లలు ఆటగాళ్లని కొందరు ధనవంతులు లంచాలిచ్చి చూపించారు. సినిమా తారలు కూడా జైలుకెళ్లారు. మన ఊరి బ్రోకరు చెప్పేదీ అదే పని, ధర ఒక్కటే తక్కువ. ఆ ఐదు సీట్లలో ఒకటి దొంగ కాగితానికి పోతే నష్టపోయేది ఎవరు? చెప్పుల్లేకుండా బడి గ్రౌండులో ఆడి గెలిచిన మనలాంటి వాళ్ల పిల్లవాడే. దొంగతనం బయటపడితే సీటు పోతుంది, పిల్లవాడి మీద కేసు పడుతుంది. ఎనిమిది నెలల చెమట పెట్టి కొడుకు మెడకు ఉరి కొనుక్కోవద్దు.

ఇక రెండో తప్పు. మార్కులు తగ్గాయని ఇక్కడి నుంచి ఫోన్ చేసి "ఆ ఆట మానెయ్" అని గద్దించడం. ఆ అన్న కూడా అంతకుముందు వారం అదే చేశాడట. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను గుర్తు చేసుకోండి. ఆమె తండ్రి మనలాగే గల్ఫ్‌లో, సౌదీలో, ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాడే. కూతురి బాక్సింగ్‌ను ఆయన ఆపలేదు. ఆమె 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేత అయింది. 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ అయింది. అందరూ నిఖత్‌లు కారు, అందుకే చదువు వదలకూడదు. కానీ మొదలే నరికేస్తే ఎవరూ నిఖత్ కాలేరు.

మరి మనం చేయగలిగిందేమిటి? ప్రతి పోటీ సర్టిఫికెట్ అసలు కాగితాన్ని జాగ్రత్త చేయమని ఇంట్లో చెప్పండి. పేరూ పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోయాయో లేదో ఇప్పుడే చూడమనండి. హైస్కూల్లో ఎన్‌సీసీ ఉంటే చేర్పించండి, 'ఏ' సర్టిఫికెట్ అక్కడే వస్తుంది. చిన్నపిల్లలు చురుగ్గా ఉంటే కడప పుట్లంపల్లిలోని ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూల్ గురించి వాకబు చేయండి. అక్కడ నాలుగో తరగతిలోనే తీసుకుంటారు. పీఈటీ సారుతో వారానికోసారి ఫోన్‌లో మాట్లాడండి. ఇవేవీ 700 దినార్ల పనులు కావు.

ఆ అన్నకు ఉన్నమాట చెప్పాం. రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టు, కానీ సీటు వస్తుందని ఆశ పెట్టుకోకు, రెండు లక్షలు మాత్రం ఇవ్వకు అన్నాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ కలిపాడు. "నాయనా, ఆట మానొద్దులే. లెక్కలు కూడా మానాకు" అనడం మాకు వినిపించింది.

సోదరులారా, ఈ శుక్రవారం మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు మార్కులు అడగండి. దాంతోపాటు ఈ వారం ఏం ఆడావని కూడా అడగండి.